దివిసీమలో అత్యవసర వైద్యం: రేవు నుంచి క్యాజువాలిటీ దాకా

దిగువ కృష్ణా డెల్టాలో ప్రాణాపాయంలో ఉన్న రోగి ఎదురుచూపులు ఆసుపత్రి వరండాలో కన్నా దారిలోనే ఎక్కువగా సాగాయి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి దివిసీమను చుట్టుకుంది. రైలు మచిలీపట్నానికీ గుడివాడకూ వచ్చింది గానీ దివిసీమకు రాలేదు. ఎడ్లబండి, పడవ, ఆ తర్వాత బస్సు: జబ్బుపడినవారికి చాలాకాలం ఇవే దిక్కు.

1977 నవంబరు 19 ఉప్పెన ఈ దూరాన్ని లోకానికి చూపింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేల మంది చనిపోయారు. రోడ్లు, తీగలు తెగిపోయి చాలా ఊళ్లకు సహాయం చేరడానికి రోజులు పట్టింది. 1986 చట్టంతో ఏర్పడిన వైద్య విధాన పరిషత్ జిల్లా, ఏరియా ఆసుపత్రులను ఒక పాలన కిందికి తెచ్చింది. అసలు మార్పు మాత్రం 108 అంబులెన్స్ సేవతో వచ్చింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవలో చికిత్స వాహనంలోనే ఆరంభమవుతుంది. 2020లో కొత్త వాహనాలు వచ్చినప్పుడు పల్లెలకు 20 నిమిషాల్లో చేరాలని లక్ష్యం పెట్టారు.

ఆసుపత్రి చేరాక ఎవరిని ముందు చూడాలన్నది మరో ప్రశ్న. గాయపడినవారిని హోదాను బట్టి కాక గాయం తీవ్రతను బట్టి చూడాలన్న పద్ధతిని నెపోలియన్ సైన్యపు వైద్యుడు లారీ పాటించాడు. దాని విలువ దివిసీమలో పాముకాటు దగ్గర తెలుస్తుంది. 2018 ఆగస్టులో పాముకాటు బాధితులతో అవనిగడ్డ ఆసుపత్రి కిటకిటలాడింది. మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా జరిగింది. రక్తపింజర కాటు అనుమానమైతే కొద్దిగా రక్తాన్ని పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే లెక్క. ఇది రోగికి మేలుచేసే నిరీక్షణ. కట్లపాము సంగతి వేరు. కాటు గుర్తు కనపడకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు. కొన్ని గంటల్లో కనురెప్పలు వాలి ఊపిరి ఆగిపోవచ్చు. మంత్రగాడి దగ్గర, కట్టు కట్టడంలో పోయిన గంట తిరిగి రాదు. నడిచి వచ్చాడు కదా అని అలాంటి రోగిని వరుసలో కూర్చోబెట్టడం ప్రమాదం.

వెంటిలేటరు కావలసి వస్తే మచిలీపట్నానికో విజయవాడకో మళ్లీ ప్రయాణమే. మచిలీపట్నం నుంచి విజయవాడ దాదాపు 70 కిలోమీటర్లు. 2023 సెప్టెంబరులో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలవడం అందుకే ముఖ్యం. దివిసీమలోని ఎదురుమొండి దీవివాసులైతే వారధి కోసం ఏళ్లుగా అడుగుతూ వచ్చారు. ఆసుపత్రి గడియారం రోగి గడప దాటాకే మొదలైతే చాలదు. ఆ దీవికి దాటే ఏటిమొగ రేవులో పంటు కోసం గడిచే సమయాన్నీ అందులో లెక్కించాలి.