రాగి బాయిలర్ ఏలిన ఇల్లు

ఉప్పల్‌లో మా పాత ఇంటి వెనక వాకిట్లో, బావికీ జామచెట్టుకీ నడుమ ఒక రాగి బాయిలర్ ఉండేది. మూడు కాళ్ల మీద నిలబడి, నెత్తిన పొగగొట్టం పెట్టుకుని, చలికాలమంతా ఇంటిని అదే ఏలింది.

దాని కడుపులోంచి ఒక గొట్టం నిట్టనిలువుగా పోయేది. కింద జాలీ మీద కట్టెలు మండుతుంటే మంటా పొగా ఆ గొట్టంలోంచి పైకెక్కుతూ చుట్టూ ఉన్న నీళ్లను కాచేవి. గరాటులో చన్నీళ్లు పోస్తే అవి అడుక్కి దిగి, పైకి తేలిన ఉడుకునీళ్లను మూతిలోంచి బయటికి నెట్టేవి. పొయ్యకపోతే వచ్చేవి కావు. "ఒక చెంబు పోస్తేనే ఒక చెంబు ఇస్తది బిడ్డా" అనేది నాయినమ్మ. తర్వాత వచ్చేవాడి కోసం గరాటులో పొయ్యకుండా లేచినవాడికి ఆమె చేతిలో తిట్లు తప్పేవి కావు.

కట్టెలకు కరువు లేదు. నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే బాపు, విరిగిన ప్యాకింగ్ పెట్టెల చెక్కలు సైకిల్ క్యారేజీకి కట్టుకొచ్చేవాడు. మొలలు పీకడం పిల్లల పని. ఇంట్లో తొమ్మిదిమందిమి, నిప్పు ఒక్కటే. పొద్దటి షిఫ్టుకు పోయే బాపు ముందు. తర్వాత బడి పిల్లలు. జ్వరం తగ్గినవాళ్లకు రెండు చెంబులు ఎక్కువ. ఎవరి వంతు ఎప్పుడో, ఎవరికి ఎన్నో ఆ లెక్కంతా నాయినమ్మదే. దీపావళి ముందురోజు చింతపండుతో తోమితే బాయిలర్ ఎర్రగా, అప్పుడే పుట్టినట్టు మెరిసేది.

దాని పతనం ఒక్కనాడు రాలేదు. ముందు బావి ఎండింది. బోరు నీళ్లలోని సున్నం లోపల పెచ్చులు కట్టింది. అవే చెక్కలు మండినా నీళ్లు ఆలస్యంగా కాగేవి. పక్కింటివాళ్లు మేడ మీద మేడ కట్టారు. మా పొగ వాళ్ల కిటికీలోకి, మసి వాళ్ల బట్టల మీదికి పోయింది. గొడవ పడలేదు గానీ, పొద్దున్నే కిటికీ రెక్క ధడాలున వేసుకునేవాళ్లు.

అప్పుడు గీజర్ వచ్చింది. 15 లీటర్లు, 2,000 వాట్లు. పాత బాత్రూం పాయింటు 6 ఆంపియర్లదే. గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుందని ఎలక్ట్రీషియన్ బోర్డు నుంచి మందపాటి రాగి తీగ కొత్తగా లాగి, 16 ఆంపియర్ల సాకెట్టు పెట్టి, ఎర్తింగ్ కలిపాడు.

నాయినమ్మ గడపలో నిలబడి చూసింది. "దీంట్ల నీళ్లు ఎవరు పోస్తరు?"

"ఎవరూ పొయ్యక్కర్లేదమ్మా."

ఆమె మళ్లీ ఏమీ అడగలేదు.

స్విచ్చు వేస్తే ఇరవై నిమిషాల్లో నీళ్లు కాగేవి. కొన్నాళ్లకు మేడ మీద ఇంకో గీజర్ పెట్టాం. నీ స్నానం అయిందా అని ఒకరినొకరు అడగడం మానేశాం. బాయిలర్ కింద ఆఖరుసారి నిప్పు పెట్టింది నాయినమ్మను సాగనంపిన పొద్దున, ఆమె స్నానానికి. కరెంటు ఉంది, గీజరూ పనిచేస్తోంది. అయినా బాపు కట్టెల కోసమే వెతికాడు.

2007లో ఉప్పల్ మున్సిపాలిటీ జీహెచ్‌ఎంసీలో కలిసింది. తర్వాత కొన్నేళ్లకు ఇంటిని అపార్ట్‌మెంటుకు ఇచ్చాం. పాత సామాన్లవాడు బాయిలర్ బండిలో పట్టదని సుత్తి తీశాడు. మొదటి దెబ్బకు అది గుడిగంటలా మోగింది. తర్వాతి దెబ్బలకు మోగలేదు. లోపలి సున్నం గుడ్డుపెంకుల్లా నేల మీద రాలింది. తూకం వేసి డబ్బులిస్తుంటే బాపు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు.

మొన్న చలికాలం న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంటి బేస్‌మెంట్‌లో టార్చి పట్టుకుని నిలబడ్డాను. వాడు బాయిలర్‌కి కొత్త కంట్రోలర్ బిగిస్తున్నాడు. మూడు అంతస్తులు, మూడు థర్మోస్టాట్లు, మూడు వాల్వులు, కింద నిప్పు ఒక్కటే. ఏ అంతస్తు వేడి అడిగితే దాని వాల్వుకే ఆ డబ్బా 24 వోల్టుల కరెంటు పంపుతుంది. వాల్వు పూర్తిగా తెరుచుకున్నాక అందులోని చిన్న స్విచ్చు కబురు చెబుతుంది. అప్పుడే రెండు తీగల మీదుగా బాయిలర్‌కి వెలగమని మాట అందుతుంది. దారి తెరవకముందే నిప్పు రాజుకోకూడదు.

"ఇది మా నాయినమ్మ చేసే పనిరా" అన్నాను.

వాడు నవ్వి, తీగ మీది ప్లాస్టిక్ తొక్క ఒలిచాడు. లోపల రాగి, దీపావళి ముందురోజు రంగులో. దాన్ని స్క్రూ కింద పెట్టి బిగించాడు. కాసేపటికి పై అంతస్తులో ఎక్కడో నీళ్లు కదిలిన చప్పుడైంది.