రాచపుండు – దేహశ్రమ

క్యాన్సరును మన పెద్దలు రాచపుండు అనిరి. దేహశ్రమ ఈ వ్యాధికణముల పెరుగుదలను అరికట్టగలదా అను ప్రశ్నకు నూరేండ్ల చరిత్ర కలదు.

1922లో అమెరికాలో సివర్ట్‌సెన్, డాల్‌స్ట్రోమ్ అను నిరువురు మృతుల వృత్తులను పరిశీలించి, కండలకు పని హెచ్చుగా నుండు వృత్తులలో క్యాన్సరు మరణములు తక్కువయని తెలిపిరి. కాని శ్రామికునకును గుమాస్తాకును గల భేదము శ్రమయందే కాదు. తిండియందును, వైద్యమందును కలదు. కావున ప్రయోగము అవసరమయ్యెను. 1944లో రష్, క్లైన్ అను శాస్త్రజ్ఞులు చిట్టెలుకలకు వ్యాయామము చేయింపగా, వాని దేహమున నాటిన కంతి పెరుగుదల మందగించెను.

దీనికి కారణమేమి? 2016లో డెన్మార్కునందు పెర్నిల్ హోయ్‌మన్ బృందము చక్రముపై పరుగెత్తు చిట్టెలుకలను పరిశీలించెను. పరుగువలన హెచ్చిన అడ్రినలిన్, దేహరక్షణకై యున్న ఒక జాతి తెల్లకణములను రక్తములోనికి పురికొల్పును. కండలు విడుచు ఇంటర్‌ల్యూకిన్-6 వానిని కంతివైపునకు మరలించును.

అయితే చిట్టెలుక మనుష్యుడు కాదు. ఆ కొరతను 2025లో వెలువడిన యొక పరీక్ష కొంత తీర్చినది. శస్త్రచికిత్సయు, ఔషధచికిత్సయు ముగిసిన 889 మంది పెద్దప్రేగు క్యాన్సరు రోగులను రెండు వర్గములు చేసిరి. ఒక వర్గమునకు మూడేండ్లు పర్యవేక్షణతో వ్యాయామము. రెండవదానికి ఆరోగ్యబోధ పుస్తకములు మాత్రమే. ఐదేండ్లకు వ్యాధిరహితులై జీవించినవారు మొదటి వర్గమున నూటికి 80 మంది, రెండవదానియందు 74 మంది.

ఒక్క సంగతి మనము మరువరాదు. వారెవ్వరును చికిత్స మాని నడకకు పోలేదు. చికిత్స ముగించుకొని నడచిరి.