అద్దెకిచ్చిన సొత్తు, అడిగిన దినము

తిరుపతిలో పెండ్లి ముహూర్తములు రాగానే అండాలు, గంగాళములు, కుర్చీలు, షామియానాలు సప్లయర్సు దుకాణములనుండి కల్యాణమండపముల కేగును; శుభకార్యము ముగిసి దినములు గడచినను అద్దె ముట్టక, సామాను తిరిగిరాక పోయినచో యజమాని యేమి చేయవలెనను ప్రశ్న మాత్రము మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది.

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున ఉపనిధి ప్రకరణము కలదు. ఒకని యొద్ద నుంచిన సొత్తు రాజువలనగాని, దైవవశముననుగాని, చోరులవలనగాని పోయినయెడల వాడు దాని నిచ్చుకొన నక్కరలేదనియు, యజమాని యడిగినను ఈయక తాత్సారము చేసిన పిమ్మట నష్టమైనచో దాని వెలతోపాటు అంతకు సమానమగు దండము సైతము చెల్లింపవలెననియు విధించి, యెరవు తెచ్చుకొన్న వస్తువునకును ఈ నియమమునే స్మృతికర్త వర్తింపజేసెను. ఆ స్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరను, దశకుమారచరిత్రమును తిక్కనకు అంకితమొసగిన కేతన, పదమూడవ శతాబ్దిలోనే విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

1872 నాటి కాంట్రాక్టు చట్టము 161వ సెక్షను చదివినపుడు నాకు కలిగిన ఆశ్చర్య మింతింత కాదు: గడువునకు వస్తువును తిరిగి యీయనివాడు ఆ క్షణమునుండి సంభవించు ప్రతి నష్టమునకును బాధ్యుడు! అదే చట్టమున 154వ సెక్షను క్రింద నొక ఉదాహరణము కలదు. కాశీకి పోవుటకని కలకత్తాలో గుఱ్ఱమును అద్దెకు గైకొన్నవాడు కటకమునకు పోగా, ఎంత జాగ్రత్తగా స్వారి చేసినను గుఱ్ఱము పడి గాయపడినచో, ఆ నష్టము వాడే భరింపవలెను. శ్రీకాళహస్తికని తిరుపతిలో కారు తీసికొని మదరాసునకు నడిపినవానికిని ఇదియే న్యాయము. షరతు మీరినచో గడువునకు ముందే ఒప్పందమును రద్దుచేయు హక్కును 153వ సెక్షను యజమానికిచ్చినది.

తిరుపతి యప్పుడు చేరియుండిన చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది మొదలు 1953 వరకు మదరాసు పాలనలో నుండెను. లారీలను వాయిదాలపై ఇచ్చు సుందరం ఫైనాన్సు 1954లో ఆ మదరాసుననే వెలసెను. ఈ వ్యాపారమును క్రమబద్ధము చేయుటకు పార్లమెంటు 1972లో హైర్ పర్చేజ్ చట్టమును చేసినను, అది ఒక్కదినమైనను అమలులోనికి రాక 2005లో రద్దయ్యెను. ఆ లోటువలన ఒప్పందపత్రమే శాసనమై, రహదారిపై బండినాపి తాళములు లాగుకొను ‘సీజింగు’ ప్రబలెను. యాజమాన్యము తనయందే యున్న ఫైనాన్షియరు వాయిదా తప్పిన బండిని ఒప్పందము ప్రకారము మరల గైకొనుట దొంగతనము కాదని 2001లో చెప్పిన సుప్రీంకోర్టే, గూండాలను పంపి వాహనములు లాగుకొనుటను 2007లో తీవ్రముగా గర్హించి, 2011లో చట్టబద్ధమైన మార్గముననే స్వాధీనము చేసికొనవలెనని స్పష్టము చేసెను. హక్కు కలిగియుండుట వేరు, బలము చూపుట వేరు. ఈ తీర్పులు ఋణగ్రస్తుని మర్యాదను కాపాడినవని నా నిశ్చితాభిప్రాయము.

చిన్న వ్యాపారికి సివిలు కోర్టే శరణ్యము. బకాయి అద్దెకై దావా వేయుటకు, అద్దె చెల్లవలసిన నాటినుండి మూడేండ్ల గడువు కలదు. వస్తువును తిరిగి ఇప్పింపుమని కోరవచ్చును. దావా తేలులోగా అది మాయమగునను భయమున్నచో రిసీవరును నియమింపుమనియు ప్రార్థింపవచ్చును. అద్దె సామానును దురుద్దేశముతో తాకట్టుపెట్టినచో నమ్మకద్రోహమను నేరము సైతము వర్తించును.

కనుక అద్దెకిచ్చు సోదరులారా, రసీదుపై వస్తువుల జాబితాను, అద్దెను, తిరిగి యీయవలసిన తేదీని తప్పక వ్రాసి సంతకము గైకొనుడు. గడువు దాటిన మరునాడే రిజిస్టరు నోటీసు పంపుడు.