మోటకు తొండమిచ్చిన లంద

మా ఊరి చరిత్ర అడిగితే పెద్దలు గడిని చూపిస్తారు, బురుజును చూపిస్తారు. మాదిగవాడ వెనక, వాగు ఒడ్డున ఉన్న, తోలు శుద్ధి చేసే లంద గుంటల దగ్గరికి ఎవరూ తీసుకుపోరు. మోటబావుల కింద పండిన ప్రతి మడికీ నీళ్ళు పారింది అక్కడ తయారైన తోలు తొండంలోంచే.

చచ్చిన గొడ్డు తోలు ఒలిచాక ఆలస్యం పనికిరాదు, కుళ్ళిపోతుంది. వెంటనే కుదరకపోతే ఉప్పు రాసి పెట్టేవాళ్ళు. కడిగి సున్నపు నీళ్ళలో కొన్ని రోజులు ఉంచితే వెంట్రుకల కుదుళ్ళు వదులవుతాయి. అప్పుడు మొద్దు మీద పరిచి పైన వెంట్రుకలు, లోపల అంటిన కండ గీకాలి. ఆపైన సున్నం పోయేదాకా కడగాలి. డప్పుకు కావలసిన మేకతోలు ఇక్కడే వేరయ్యేది. దానికి చెట్టు బెరడు రసం పట్టకూడదు, పచ్చిగా ఆరితేనే మోగుతుంది.

మిగతాదంతా తంగేడు చెక్క పని. బతుకమ్మకు పూలు కోసే తంగేడే, 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా. పూలకు దక్కిన పేరు బెరడుకు దక్కలేదు! ఆ బెరడు దంచి నానబెడితే దిగే వగరే తోలును కుళ్ళకుండా కాపాడేది. ముందు పల్చటి రసం, తర్వాత చిక్కటిది. మొదటే చిక్కటి దాంట్లో వేస్తే పైపొర బిగుసుకుని రసం లోపలికి దిగదు. తర్వాత తోలును సంచిలా కుట్టి, కొయ్యకు వేలాడదీసి, చెక్కా నీళ్ళూ నింపేవాళ్ళు. కిందికి కారింది మళ్ళీ పైన పోసేవాళ్ళు. చివర కరక్కాయ రసం, నూనె. వారాల తరబడి సాగే పని. లంద కంపు గురించి ఊరంతా చెప్తుంది. సున్నానికి పగిలిన చేతుల గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

తొండాలకూ చెప్పులకూ రైతులు కల్లం దగ్గర గింజలు కొలిచేవారు. నిజాం కాలంలో దొర గడికి మాత్రం అవన్నీ వెట్టి కిందే పోయేవి.

1948లో మద్రాసులో కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ వచ్చింది. తెనాలి ప్రాంతం నుంచి వెళ్ళిన యలవర్తి నాయుడమ్మ తర్వాత దానికి డైరెక్టరయ్యారు. ఫ్యాక్టరీల్లో క్రోమియం లవణాలతో వారాల పని గంటల్లోకి వచ్చింది. మా లందకు మాత్రం ముందు దెబ్బ కరెంటు మోటారుది. మోట ఆగాక తొండం అడిగేవాడే లేడు.

ఇప్పుడు డప్పులకు కూడా ఫైబర్ పొరే. మంటకు కాచే పని లేదు, వానకు మెత్తబడదు. కుర్రాళ్ళకు నచ్చింది. నాకైతే అది రేకుడబ్బా మోతే.