జంట పరుపు
ఒకే డబుల్ కాట్ మంచంపై పక్కపక్కన పరిచే రెండు విడి పరుపులు. దంపతుల్లో ఒకరికి గట్టిది, మరొకరికి మెత్తనిది కావలసినప్పుడు, లేదా ఒకరు అటూఇటూ దొర్లితే రెండోవారికి మెలకువ వస్తున్నప్పుడు వాడతారు. జర్మనీ, స్కాండినేవియా దేశాల్లో ఇది మామూలే. అమెరికాలో 38×80 అంగుళాల ‘ట్విన్ ఎక్స్‌ఎల్’ పరుపులు రెండు కలిస్తే 76×80 కింగ్ సైజు అవుతుంది. మన 72×78 మంచానికి 36×78వి రెండు సరిపోతాయి.

కొబ్బరిపీచుది ఒకటి, లేటెక్స్‌ది ఒకటి తీసుకున్నా మందం సమానంగా ఉండాలి. అంగుళం తేడా వచ్చినా నడుమ మెట్టు తగులుతుంది. అసలు చిక్కు నడిమి సందు. పైన ఒకే టాపర్ (పలుచని పై పరుపు) పరిస్తే ఆ సందు కప్పబడుతుంది గానీ, పక్కవారి కదలిక మళ్లీ కొంత తెలుస్తుంది. పసిబిడ్డను మధ్యలో పడుకోబెట్టుకునే ఇంటికి ఈ ఏర్పాటు తగదు. కొనేముందు మంచం లోపలి కొలత తీసుకోవాలి.