సవాలు నాణెము

గడచిన సంక్రాంతికి మా యింట నొక చిన్న సంగతి జరిగినది. రెండు తరముల క్రిందట మా గ్రామమునుండి అమెరికాకుఁ బోయి స్థిరపడిన కుటుంబములోని కుఱ్ఱవాఁడొకఁడు అచటి సైన్యమునఁ జేరి, సెలవుమీఁద తాతల యూరు చూడవచ్చెను. నాకు నమస్కరించి, పిమ్మట వారి దేశపు మర్యాదచొప్పున కుడిచేయి చాఁచెను. నేను పట్టుకొంటిని. విడుచునప్పటికి నా యఱచేతిలో బరువైన బిళ్ళ యొకటి మిగిలినది. “తాతగారూ, ఇది మా దళపు నాణెము. అంగళ్ళలోఁ గూడ నిట్టివి దొరకును గాని, కొన్నదానికి విలువ లేదు. చేతినుండి చేతికి రావలయును” అని యతఁడు చెప్పెను. నలువదియేండ్లకు పైఁబడి పాత నాణెములను పతకములను వెలయిచ్చి కూర్చుకొనిన నాకు ఆ మాట ముల్లువలె నాటుకొన్నది. ఏల నాటుకొన్నదో కడపటఁ జెప్పెదను. ముందుగా ఆ నాణెపు వృత్తాంతము చిత్తగింపుఁడు.

దీనిని ఇంగ్లీషున ఛాలెంజి కాయిన్ అందురు. మనము సవాలు నాణెమందము. పేరునకు నాణెమే గాని దీనితో గుప్పెఁడుప్పైనను కొనఁజాలము. ఒకటిన్నర రెండంగుళముల యడ్డుకొలతగల లోహపు బిళ్ళ. ఒకవైపున దళపు చిహ్నము, వేఱొకవైపున నినాదమో, నాయకుని హోదాయో యుండును. సిపాయిలు నలుగురు కూడినచోట నొకఁడు తన నాణెమును బల్లమీఁద టక్కున నుంచును. అదియే సవాలు. తక్కినవారెల్లరు తమ తమ నాణెములను తీసి చూపవలయును. చూపలేనివాఁడు అందఱి పానీయములకును సొమ్మిచ్చుకొనవలయును. అందఱును చూపిరేని, సవాలు చేసినవాఁడే యిచ్చుకొనవలయును. పైకి వేడుకవలెఁ గన్పట్టును. లోపల నున్నది ఒక ప్రశ్న: నీవు మావాఁడవేనా?

దీని పుట్టుకనుగూర్చి యొక కథ కలదు. మొదటి ప్రపంచయుద్ధమున ఒక ధనికుఁడైన అమెరికా యధికారి తన విమానదళమువారికెల్ల దళచిహ్నముగల కంచు బిళ్ళలు పోయించి యిచ్చెనఁట. అందొక వైమానికుఁడు తన బిళ్ళను తోలుసంచిలో నుంచి మెడను వ్రేలఁగట్టుకొనెను. అతని విమానము కూలి, జర్మనులకుఁ జిక్కెను. వారతని గుర్తింపు కాగితములన్నియు లాఁగుకొనిరి. సంచిని మాత్రము విడిచిరి. అతఁడు తప్పించుకొని ఫ్రెంచివారి ఠాణాకుఁ జేరఁగా, వారు శత్రువుల వేగులవాఁడని తలఁచి కాల్చఁబోయిరి. అప్పుడు బిళ్ళను చూపెను. అచటి ఫ్రెంచివాఁడొకఁడు ఆ చిహ్నమును గుర్తుపట్టెను. ప్రాణము దక్కినది.

కథ వినుటకు బాగుగ నున్నది. కాని చరిత్రకారుఁడు సాక్ష్య మడుగును గదా! ఆ వైమానికుని పేరు కథలో లేదు. దళము పేరు లేదు. ఊరు లేదు, దినము లేదు. కావున దీనిని కథగానే గ్రహింపవలయును. ఇంతకంటె గట్టి యాధారము తరువాతికాలమునఁ గానవచ్చును. 1950 మొదలు 1953 వఱకు జరిగిన కొరియా యుద్ధమున అమెరికావారి 17వ పదాతి పటాలము నాయకుఁడగు కర్నలు విలియం క్విను తనవారికై నాణెములు పోయించెననియు, 1960 తరువాత 10వ ప్రత్యేకదళమువారు ఈ యాచారమును నిలిపిరనియుఁ జెప్పుదురు. 1980 తరువాత నిది తక్కిన దళములకెల్ల వ్యాపించెను. 2011లో అమెరికా రక్షణమంత్రియగు రాబర్టు గేట్సు పదవి విడుచుటకు ముందు ఆఫ్‌ఘనిస్థానమునకుఁ బోయి, అచటి సిపాయిలకుఁ జేయి కలుపుచు తన నాణెములను పంచిపెట్టెను. పత్రములేదు, ఉపన్యాసములేదు, అఱచేతినుండి అఱచేతికి నాణెము మాఱుటయే సత్కారము.

సిపాయికి లోహపు గుర్తు నిచ్చుట మన దేశమునకుఁ గ్రొత్త కాదు. కుంఫిణీవారి దొరతనమునఁ దొలుత సిపాయిలైనవారిలో తెలుఁగువా రెందఱో కలరు. అందుచేతనే వంగదేశమునఁ దక్కిన సిపాయిలకుఁ గూడ ‘తిలంగా’ యను పేరు వచ్చినది. 1799 మే 4వ తేదీని శ్రీరంగపట్టణము కూలెను. అందుకై ఇంగ్లాండులోని సోహో టంకశాలలో సింహము పులిని అణఁచుచున్నట్లు పతకములు కొట్టించి, 1808లోఁ బంచిరి. అందఱికిని బొమ్మ యొకటే. లోహము మాత్రము వేఱు. పెద్ద దొరలకు బంగారము. తరువాతివారికి బంగారుపూఁత వెండి, వెండి, కంచు. గోడ నెక్కిన సామాన్య సిపాయికిఁ దగరము. లోహమే హోదాను చాటినది.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత 1919లో నేర్పఱచిన యుద్ధపతకము సిపాయికిని వెండిదే. అన్నియుఁ గలసి దాదాపు 65 లక్షలు. అందు కంచువి లక్షకుఁ బైఁగాఁ గలవు; అవి మోఁతలు మోసి, త్రోవలు త్రవ్విన కూలిదళములకుఁ బోయినవి. ఒకవైపున అయిదవ జార్జి చక్రవర్తి ముఖము, రెండవవైపున గుఱ్ఱమెక్కిన వీరుఁడు. అంచునందు సన్నని ఇంగ్లీషు అక్షరములతో సిపాయి సంఖ్య, పేరు, దళము నుండును. ఈ యంచే పతకమునకుఁ బ్రాణము.

ఇఁక నా సంగతి. 1980 ప్రాంతమున వెండి వెల ఒక్కుమ్మడిగాఁ బెరిగినది. ఇండ్లలోని పాతవెండి మూసల కెక్కినది; లోకమున నిట్టి పతకములెన్నియో అట్లే కరఁగిపోయినవి. నేనానాఁడు మా సంతయూరి కంసాలి యంగడిలోఁ గూర్చుండఁగా, కుంపటిప్రక్కన నొక యుద్ధపతకము కనఁబడెను. “ఆచారిగారూ, దీని తూనిక యెంత?” అంటిని. “రెండున్నర తులములు, బాబుగారూ. ఉదయమున నెవరో ముసలమ్మ తెచ్చియిచ్చినది” అనెను. వెండి వెల యిచ్చి, కరఁగకుండఁ గాపాడితినని గర్వించుచు ఇంటికి వచ్చితిని.

భూతద్దముతోఁ జూడఁగా అంచుమీఁద మద్రాసు సాపర్ల దళము పేరు, ఒక సంఖ్య, ఒక తెలుఁగువాని పేరు నుండెను. ఇంటిపేరు లేదు, ఊరు లేదు. ఆ ముసలమ్మ యెవరో, సిపాయికామె కూఁతురో కోడలో, ఏ కఱవునకు దాని నమ్ముకొనెనో నేనడుగలేదు. తూనిక యడిగితిని, ఇల్లడుగలేదు. అడిగియున్న ఆచారిగారు చెప్పెడివారే. నాలుగైదేండ్లకు నాకు బుద్ధిపుట్టి పోవునప్పటికి వారు కాలము చేసియుండిరి. చుట్టుపట్ల నాలుగూళ్ళు విచారించితిని. ఎఱిఁగినవారు లేకపోయిరి.

కథలోని వైమానికుని బిళ్ళకు గుర్తుపట్టువాఁ డొకఁడు దొరకెను. నా పెట్టెలోని పతకమునకు దొరకలేదు. కరఁగకుండ నిలిపితినే గాని, దాని యింటిని నేనే పోఁగొట్టితిని. ఆ కుఱ్ఱవాఁడు నాణెమును నా చేతిలోఁ బెట్టినపుడు నాకుఁ దోఁచిన దిదియే.

పెద్దలారా, మీ యిండ్లలోని పాతపెట్టెలలో, దేవునిగూట నిట్టి బిళ్ళ యున్నదేమో వెదకుఁడు. చింతపండు పెట్టి తోమకుఁడు. తోమినకొలఁది అంచునందలి పేరు చెఱగును. అది యెవరిది, ఏ యూరివారు, ఏ సీమకుఁ బోయి వచ్చిరి, లేక రాకయే పోయిరి, మీ రెఱిఁగినంత యొక కాగితముమీఁద వ్రాసి దానితోఁ గూడ నుంచుఁడు. మనుమని చేతఁ బెట్టి యొకసారి చదివించుఁడు. అమ్ముకొనక తప్పనినాఁడు ఆ కాగితమునుగూడ కొన్నవానికే యిండు.

ఆ కుఱ్ఱవాఁడిచ్చిన నాణెమును నేను పెట్టెలో నుంచుటకు ముందే కాగితము వ్రాసితిని: అతని పేరు, తాతపేరు, ఇచ్చిన దినము, మా యూరు. పతకము ప్రక్కన నున్న కాగితము నేఁటికిని ఖాళీగనే యున్నది.