కహత్‌కి కారణం నైలు నదా, రాగి సిక్కానా?

కహత్ వస్తే అవామ్ ఆకాశం వైపు చూస్తారు. హాకిములూ ఆకాశాన్నే చూపిస్తారు, అది వాళ్ళకి సులువు కాబట్టి. హిజ్రీ 806లో, అంటే క్రీ.శ. 1403లో, మిస్ర్‌లో నైలు నది సరిగ్గా పొంగలేదు. ఖాహిరా బజార్లలో గోధుమల ధర మండిపోయింది. వెనకే వబా. అంతా తఖ్దీర్ అని జనం సబర్ చేస్తుంటే, ఒక ఆలిమ్ మాత్రం కలం పట్టి లెక్కలు తీశాడు.

ఆయనే తఖీయుద్దీన్ అహ్మద్ అల్-మఖ్రీజీ. 1364లో ఖాహిరాలో పుట్టాడు. ఇబ్న్ ఖల్దూన్ దగ్గర ఇల్మ్ నేర్చుకున్నాడు. 1399లో సుల్తాన్ బర్ఖూఖ్ ఆయన్ని ఖాహిరా ముహతసిబ్‌గా నియమించాడు. ముహతసిబ్ అంటే బజారులో తూకాలు, కొలతలు, కల్తీ చూసే అధికారి. కాబట్టి ధరల గురించి ఆయన రాసింది మదరసాలో కూర్చుని ఊహించింది కాదు.

1405లో ఆయన రాసిన చిన్న కితాబ్ పేరు ‘ఇగాసతుల్ ఉమ్మా బి కష్ఫిల్ గుమ్మా’. ముహర్రం నెలలో ఒకే రాత్రి కూర్చుని దీన్ని సవరించి పూర్తి చేశానని చెప్పుకున్నాడు. అందులో మిస్ర్ చూసిన పాత కహత్‌లన్నిటినీ వరసగా రాశాడు. ఫాతిమీ ఖలీఫా ముస్తన్సిర్ కాలంలో ఏళ్ళ తరబడి సాగిన ఘోరమైన కరువు కూడా అందులో ఉంది. అవన్నీ వచ్చాయి, పోయాయి. మరి ఇది ఎందుకు పోవడం లేదు? ఆయన చెప్పిన కారణాలు మూడు: రిష్వత్ ఇచ్చి పదవులు కొనుక్కోవడం, రైతుల మీద పెరిగిన భూమి కౌలు, రాగి ఫులూస్.

అసలు కథ మూడో దానిలోనే ఉంది. అంతకుముందు బంగారు దీనార్, వెండి దిర్హమ్ అసలు డబ్బు. కూరగాయల్లాంటి చిల్లర బేరాలకు రాగి ఫులూస్. బర్ఖూఖ్ దగ్గర ఉస్తాదార్‌గా ఉన్న మహమూద్ బిన్ అలీ, ఫిరంగీ దేశాల నుంచి రాగి తెప్పించి, ఇస్కందరియాలో టంకశాల తెరిచి, లెక్కలేనన్ని ఫులూస్ కొట్టించాడు. చవక రాగి సిక్కా అయితే ఖజానాకి లాభమే కదా! వెండి దిర్హమ్ మాత్రం మాయమైంది. కొంత కరిగి నగలైంది, కొంత దేశం దాటింది. చివరికి జీతం, అద్దె, ధర అన్నీ ఫులూస్ లెక్కలోనే. (గల్ఫ్‌కి వెళ్ళిన మనవాళ్ళు డబ్బుని ‘ఫులూస్’ అంటారే, అదే మాట. ఒకప్పటి చిల్లర పేరు ఇప్పుడు సొమ్ముకే పేరైంది.)

ఈ కితాబ్ 1940లో ఖాహిరాలో అచ్చయింది. 1962లో గాస్తోన్ వియెత్ ఫ్రెంచిలోకి, 1994లో ఆదిల్ అల్లూష్ ఇంగ్లీషులోకి తెచ్చారు. చెడ్డ సిక్కా మంచి సిక్కాని తరిమేస్తుందనే సూత్రం 16వ శతాబ్దపు ఇంగ్లీషు వ్యాపారి గ్రెషమ్ పేరు మీద నడుస్తోంది. ఆ పేరు పెట్టింది కూడా 1858లో. మఖ్రీజీ అప్పటికి నాలుగు వందల ఏళ్ళ ముందే దాన్ని కళ్ళారా చూసి రాశాడు.

అయితే ఆయన మాట ప్రతిదీ నేటి ముఅర్రిఖ్‌లు ఒప్పుకోరు. ఆ రోజుల్లో ఐరోపాలోనూ వెండికి కరువే. పైగా తావూన్ మిస్ర్ జనాభాని తుడిచిపెట్టింది. అంత భారాన్ని ఒక్క ఉస్తాదార్ మెడకి చుట్టడం ఇన్సాఫ్ కాదని నాకూ అనిపిస్తుంది. బంగారం, వెండి తప్ప వేరే డబ్బే వద్దన్న ఆయన వాదనని ఈరోజు యథాతథంగా ఎత్తుకునేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది.

నన్ను పట్టి ఆపింది వేరే అధ్యాయం. అందులో ఆయన జనాన్ని ఏడు తరగతులు చేసి, ధర పెరిగితే ఎవరికి ఏమవుతుందో విడివిడిగా చూశాడు. అమీర్ల ఆమ్దానీ పెరిగినట్టే కనిపిస్తుంది కానీ, ఆ సొమ్ముకి వచ్చే సరుకు తగ్గిందన్నాడు. నీళ్ళు పారే పొలాలున్న రైతులు కొందరు బాగుపడ్డారు, మిగతావాళ్ళు చితికిపోయారు. కట్టుబడి జీతం మీద బతికే ఫఖీహ్‌లు, తాలిబే ఇల్మ్‌లు బతికున్నా చచ్చినట్టే. ఇక మజ్దూర్లు, హమాలీలు, నేతగాళ్ళు. వీళ్ళ కూలి ఎన్నో రెట్లు పెరిగిందని రాశాడు. ఎందుకంటే చాలామంది చనిపోయారు, పనికి మనిషి కావాలంటే ఎంతో వెతికితే గానీ దొరకడం లేదు.